కొత్త యాంటీబయాటిక్ తయారుచేసే బ్యాక్టీరియాను వెతకడం ఎలా?

పిడికెడు మట్టిని నీళ్లలో కలిపి ప్లేట్ల మీద పరిస్తే, పక్కనున్న సూక్ష్మజీవులను చంపే బ్యాక్టీరియా ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. అందులో పెద్ద విశేషం లేదు. మట్టిలో బతికే ఆక్టినోమైసీట్లలో (దారాల్లా పెరిగే బ్యాక్టీరియా) నూటికి పది దాకా స్ట్రెప్టోత్రిసిన్ అనే పాత పదార్థాన్నే తయారుచేస్తాయని, నూటికి ఒకటి స్ట్రెప్టోమైసిన్ తయారుచేస్తుందని ఈ రంగంలో పనిచేసినవాళ్ల అంచనా. అదే డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసేది కావాలంటే కోటి కాలనీలు (ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులు) చూస్తే ఒకటో రెండో. అంటే ఇందులో అసలు శ్రమ చంపేదాన్ని పట్టుకోవడానికి కాదు. పట్టుకున్నది పాతదైతే వీలైనంత త్వరగా, తక్కువ ఖర్చుతో పక్కన పెట్టేయడానికి. కింద చెప్పే ప్రతి దశనూ ఆ దృష్టితోనే చదవండి.

మొదలుపెట్టే ముందు

మైక్రోబయాలజీ ల్యాబ్ అందుబాటులో ఉండి, పక్కన అనుభవం ఉన్న గైడ్ ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో చేసే ప్రయోగం కాదు. మట్టిలోంచి ఏం పెరుగుతుందో మీకు ముందుగా తెలియదు. యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు కూడా పెరగవచ్చు.

మొదటి పరీక్షలకు అసలు రోగకారక క్రిములు అక్కర్లేదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ బదులు స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, సూడోమోనాస్ ఎరుగినోసా బదులు సూడోమోనాస్ పుటిడా, అసినెటోబాక్టర్ బౌమానీ బదులు అసినెటోబాక్టర్ బైలీ వాడొచ్చు. వీటికి తోడు బాసిల్లస్ సబ్టిలిస్, ప్రమాదం లేని ఈ.కోలై కె-12 ఉంటే సరిపోతుంది. విద్యార్థులతో మట్టిలో యాంటీబయాటిక్స్ వెతికించే టైనీ ఎర్త్ లాంటి కార్యక్రమాలు కూడా ఇలాంటి సురక్షితమైన బంధువులతోనే పని నడిపిస్తాయి. వాడేసిన ప్రతి ప్లేటూ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర కనీసం 20 నిమిషాలు ఉండి బయటికి రావాల్సిందే.

ఇంకొకటి, చాలామంది చివర్లో గుర్తు చేసుకుని టెన్షన్ పడేది: అనుమతి. మట్టి ఎవరి భూమిలోదో, ఏ దేశానిదో చూసుకోండి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ ప్రకారం చాలా దేశాల్లో జీవ వనరులను తీసుకెళ్లి పరిశోధించాలంటే ముందస్తు అనుమతి కావాలి. కాగితాలు లేకుండా దొరికిన అద్భుతమైన అణువును తర్వాత ఎవరూ ముట్టుకోరు.

1. నమూనా ఎక్కడి నుంచి తేవాలి?

ఎక్కడో అడవిలోనో అగ్నిపర్వతం అంచునో మట్టి తవ్వితేనే కొత్తది దొరుకుతుందన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది. వాంకోమైసిన్ బోర్నియో మట్టి నుంచి వచ్చిన మాట నిజమే. కానీ స్ట్రెప్టోమైసిన్ సంగతి చూడండి. 1943లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్‌కు దొరికిన రెండు స్ట్రెయిన్లలో (ఒకే జాతిలోని వేరువేరు రకాలు) ఒకటి ఎరువు బాగా వేసిన పొలం మట్టిలోది, రెండోది కోడి గొంతులోంచి తీసిన నమూనాలోది. 2015లో ప్రకటించిన టీక్సోబాక్టిన్ అనే యాంటీబయాటిక్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక గడ్డి మైదానం మట్టిలోంచి వచ్చింది. 2016లో వచ్చిన లగ్డునిన్‌ను తయారుచేసే స్టాఫిలోకాకస్ లగ్డునెన్సిస్ మనిషి ముక్కులోనే ఉంటుంది. 2019 నాటి డారోబాక్టిన్ నులిపురుగుల పేగుల్లో బతికే ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియాది.

కాబట్టి దూరం ముఖ్యం కాదు. నలుగురూ పెంచని బ్యాక్టీరియాను పెంచగలుగుతున్నారా అన్నదే ముఖ్యం. మొక్కల వేళ్ల చుట్టూ మట్టి, కంపోస్టు, చీమల పుట్టలు, సముద్రపు స్పాంజీలు, నాచు ఏవైనా పనికొస్తాయి. మట్టి అయితే పైపొర తీసేసి ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోతులో, శుభ్రం చేసిన గరిటెతో ఓ ఇరవై గ్రాములు తీయండి. సంచి మీద తేదీ, చోటు, లోతు, పక్కనున్న మొక్క పేరు అక్కడికక్కడే రాయండి. ల్యాబ్‌కు వెళ్లాక రాద్దామనుకుంటే గుర్తుండదు.

2. బ్యాక్టీరియాను విడదీయడం

మట్టిని ఉన్నదున్నట్టు ప్లేట్ మీద వేస్తే బాసిల్లస్, సూడోమోనాస్ ఒక్క రోజులో ప్లేటంతా ఆక్రమిస్తాయి. మీకు కావాల్సినవి నెమ్మదిగా పెరిగేవి. అందుకే ముందు మట్టిని వారం పాటు గది ఉష్ణోగ్రతలో ఆరబెట్టండి. ఆక్టినోమైసీట్ల స్పోర్లు (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే కణాలు) ఎండను, పొడిని తట్టుకుంటాయి, మెత్తని బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. ఇంకా కావాలంటే ఆరిన మట్టిని 100 నుంచి 120 డిగ్రీల పొడి వేడిలో గంట ఉంచవచ్చు. బాసిల్లస్ స్పోర్లు దీనికి కూడా లొంగవు కాబట్టి అవి కొన్ని వస్తూనే ఉంటాయి, అలవాటు పడాలి.

ఒక గ్రాము మట్టిని తొమ్మిది మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లలో బాగా కలిపి, పదేసి రెట్లు పలచన చేసుకుంటూ వెళ్లండి. వెయ్యి రెట్ల నుంచి పదిలక్షల రెట్ల వరకు పలచన చేసిన వాటిలో ఒక్కోదానిలోంచి 100 మైక్రోలీటర్లు తీసి ప్లేట్ మీద పరచండి. మీడియంగా స్టార్చ్-కేసీన్ అగార్ మంచి మొదలు. హ్యూమిక్ ఆసిడ్-విటమిన్ అగార్ అరుదైన రకాలకు ఇంకా మేలు. శిలీంధ్రాలు రాకుండా సైక్లోహెక్సిమైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములు, గ్రామ్-నెగటివ్‌లను (అదనంగా బయటి పొర ఉన్న బ్యాక్టీరియా) అణచడానికి నాలిడిక్సిక్ ఆసిడ్ లీటరుకు ఇరవై మిల్లీగ్రాములు కలపండి. సైక్లోహెక్సిమైడ్ మనకూ విషమే, గ్లోవ్స్ లేకుండా తూచవద్దు.

తర్వాత 28 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టి ఓపిక పట్టండి. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. మూడో రోజు కనిపించిన కాలనీలన్నీ ఏరేసి ప్లేట్ పారేస్తారు. మూడో రోజు వచ్చినవి అందరికీ దొరికేవే. రెండో వారం, మూడో వారం, నెల తర్వాత వచ్చిన గుండుసూది తలంత కాలనీలే మీకు కావాలి. ప్లేట్లు ఎండిపోకుండా పారాఫిల్మ్ చుట్టి, కింద తడి దూది పెట్టిన డబ్బాలో ఉంచండి. 2025లో ప్రచురితమైన లారియోసిడిన్ అనే అణువు కథ చూస్తే ఓపిక విలువ తెలుస్తుంది. మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో గెర్రీ రైట్ బృందం మట్టి బ్యాక్టీరియాను దాదాపు ఏడాది పాటు పెరగనిచ్చాకే, దాన్ని తయారుచేసే పీనిబాసిల్లస్ బయటపడింది.

కాలనీలు ఏరడం కళ్లతో, చేత్తో నేర్చుకునే పని. ఆక్టినోమైసీట్లలో ఎక్కువగా కనిపించే స్ట్రెప్టోమైసిస్ కాలనీ సుద్దపొడి చల్లినట్టు తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. లూప్ అనే సన్నటి తీగతో గీరితే మెత్తగా రాదు, అగార్‌కు వేళ్లు దిగినట్టు అతుక్కుని ఉంటుంది, ముక్కగా ఊడి వస్తుంది. మూత కొద్దిగా తీస్తే తొలకరి వాన వాసన. అది జియోస్మిన్ వల్ల. కాలనీ మీద ఎర్రటి, నీలం, పసుపు బొట్లు చెమటలా నిలిచి కనిపిస్తే అది ఏవో పదార్థాలు బయటికి వదులుతోందన్నమాట. అయితే రంగులకు మోసపోకండి. రంగున్నదల్లా యాంటీబయాటిక్ కాదు, మంచి యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి రంగే లేదు. చూడ్డానికి వేరువేరుగా ఉన్నవాటిని ఏరండి, ఒకేలా ఉన్నవి పది తీసుకోవడం వల్ల లాభం లేదు.

మట్టిలో ఉన్న బ్యాక్టీరియాలో మామూలు ప్లేట్ మీద పెరిగేది ఒక శాతం లోపే. మిగతా వాటి కోసం కిమ్ లూయిస్, స్లావా ఎప్‌స్టీన్ బృందం ఐచిప్ అనే పరికరాన్ని వాడింది. సన్నటి రంధ్రాలున్న పలకలో ఒక్కో రంధ్రంలో ఒక్కో కణం పడేలా మట్టిని పలచన చేసి నింపి, రెండు వైపులా పొరలు బిగించి, దాన్ని తిరిగి అదే మట్టిలో పాతిపెట్టారు. పోషకాలు, రసాయనాలు పొరలోంచి లోపలికి వస్తాయి కాబట్టి కణం తన ఇంట్లో ఉన్నట్టే పెరుగుతుంది. టీక్సోబాక్టిన్ తయారుచేసే ఎలెఫ్తీరియా టెర్రీ అలాగే దొరికింది. మొదటిసారి చేసేవాళ్లకు ఇది అవసరం లేదు. ముందు మామూలు ప్లేట్ మీద ఓపిక నేర్చుకోండి.

3. శుద్ధి చేసి దాచడం

ఒక్కో కాలనీని కొత్త ప్లేట్ మీద రెండు మూడుసార్లు స్ట్రీక్ చేసి (లూప్‌తో గీతలుగా పరిచి), ఒకే రకం కాలనీలు వచ్చేదాకా శుద్ధి చేయండి. ఆ వెంటనే 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో దాచండి. పరీక్షలు అయ్యాక దాద్దామని వాయిదా వేయొద్దు. స్ట్రెప్టోమైసిస్‌లు పదేపదే ప్లేట్లు మారిస్తే పదార్థం తయారుచేయడమే మానేస్తుంటాయి. అప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న మొదటి స్టాకే దిక్కు.

4. మొదటి పరీక్ష

తేలికైనది అగార్ ప్లగ్ పద్ధతి. మీ స్ట్రెయిన్ ఏడెనిమిది రోజులు బాగా పెరిగిన ప్లేట్‌లోంచి ఆరు మిల్లీమీటర్ల ముక్కను కోసి, టెస్ట్ బ్యాక్టీరియా (మొదట చెప్పిన సురక్షితమైన రకాలు) పలచగా పరిచిన ముల్లర్-హింటన్ అగార్ మీద బోర్లించండి. మరునాడు ముక్క చుట్టూ ఏమీ పెరగని వలయం ఉందేమో చూడండి.

వలయం ఎంత పెద్దదన్నదాని గురించి ఎక్కువ ఆలోచించవద్దు. చిన్న అణువు అగార్‌లో తేలిగ్గా పాకుతుంది, పెద్దది పాకదు. అందుకే బలమైన పదార్థానికి కూడా చిన్న వలయమే రావచ్చు. దాని అంచు ఎలా ఉందో చూడండి. పదునుగా ఉందా, మసకగా ఉందా, వలయం లోపల అక్కడక్కడ చుక్కల్లా కాలనీలు లేచాయా? లేస్తే, మీ పదార్థానికి టెస్ట్ బ్యాక్టీరియా తేలిగ్గా అలవాటుపడుతోందని అర్థం. ఆ చుక్కలను పారేయకుండా ఫ్రీజర్‌లో పెట్టండి, చివరి దశలో పనికొస్తాయి.

గ్రామ్-నెగటివ్‌ల మీద వలయం రాకపోతే వెంటనే వదిలేయకండి. వాటి బయటి పొర చాలా అణువులను రానివ్వదు, వచ్చినవాటిని పంపులు బయటికి తోసేస్తాయి. ఆ పంపుల్లో భాగమైన టోల్-సి జన్యువు తీసేసిన ఈ.కోలై మీద కూడా చూడండి. అక్కడ చనిపోయి మామూలు ఈ.కోలై చనిపోకపోతే, అణువుకు లోపల లక్ష్యం ఉంది, లోపల నిలవడమే దాని సమస్య.

ఇక ఉత్తుత్తి వలయాల సంగతి. మీ బ్యాక్టీరియా ఆమ్లం వదిలి పీహెచ్ పడగొట్టినా, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలినా, చుట్టూ ఉన్న ఇనుమంతా లాగేసుకున్నా వలయం వస్తుంది. సూడోమోనాస్‌లు ఇనుము లాక్కోవడంలో ఆరితేరినవి. మీడియంలో పీహెచ్‌ను నిలబెట్టే బఫర్ కలిపి, పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కాటలేజ్ కలిపి, ఇనుము ఎక్కువ చేసి మళ్లీ చూడండి. వలయం మాయమైతే అక్కడితో వదిలేయండి. ఏమీ పెంచని ఖాళీ మీడియం ముక్కను పక్కన పెట్టకుండా చేసిన పరీక్షను నేనైతే నమ్మను.

5. పాతదా, కొత్తదా?

మొత్తం పనికి ఇది గుండెకాయ. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. మిల్లీగ్రాముల కొద్దీ శుద్ధి చేసి, ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) తీయించాక, అది 1940లలోనే తెలిసినదని బయటపడితే ఆ బాధ మామూలుగా ఉండదు.

ముందు బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువును పీసీఆర్‌తో కాపీలు చేసి చదివించండి. దాదాపు 1,500 అక్షరాలు. తెలిసిన జాతితో పోలిక 98.7 శాతం కన్నా తక్కువ ఉంటే కొత్త జాతి కావచ్చు. కానీ జాతి పాతదని స్ట్రెయిన్‌ను కొట్టేయకండి. ఒకే జాతిలో రెండు స్ట్రెయిన్లు వేరువేరు పదార్థాలు తయారుచేయడం మామూలే.

రెండోది నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం. గెర్రీ రైట్ బృందమే 2017లో దీన్ని పద్ధతి ప్రకారం తయారుచేసి ప్రచురించింది. ఒకే ఈ.కోలై, కానీ ఒక్కో దానిలో ఒక్కో రెసిస్టెన్స్ జన్యువు. ఒకటి స్ట్రెప్టోత్రిసిన్‌ను తట్టుకుంటుంది, ఇంకొకటి స్ట్రెప్టోమైసిన్‌ను, మరొకటి ఇంకోదాన్ని. మీ ప్లగ్ మామూలు ఈ.కోలైని చంపి, స్ట్రెప్టోత్రిసిన్‌ను తట్టుకునే దాన్ని మాత్రం చంపకపోతే మీ దగ్గరున్నది స్ట్రెప్టోత్రిసినే. అంతే, ఒక్క రాత్రిలో తేలిపోయింది. సెట్ అంతా లేకపోయినా, తరచూ తగిలే మూడు నాలుగింటికి తట్టుకునే స్ట్రెయిన్లు సమకూర్చుకుంటే సగం చెత్త ఇక్కడే పోతుంది.

కొన్ని గుర్తులు చూడగానే అనుమానం రావాలి. ఎక్స్‌ట్రాక్ట్ (కల్చర్‌లోంచి తీసిన పదార్థం, ఎలా తీయాలో ఆరో దశలో ఉంది) నారింజ-ఎరుపు రంగులో ఉండి, గ్రామ్-పాజిటివ్‌లను (బయటి పొర లేనివి) చంపుతూ, 440 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటే అది ఆక్టినోమైసిన్ కావచ్చు. చంపే గుణమంతా నీళ్లలోనే ఉండిపోయి ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్‌లోకి రాకపోతే, అదీ గ్రామ్-పాజిటివ్‌లు, నెగటివ్‌లు రెండింటినీ చంపుతుంటే స్ట్రెప్టోత్రిసిన్, స్ట్రెప్టోమైసిన్ కుటుంబాలను అనుమానించండి. ఈస్ట్‌ను మాత్రమే చంపుతూ, యూవీ గ్రాఫ్‌లో మూడు కోసుగా ఉన్న శిఖరాలు పక్కపక్కన కనిపిస్తే నిస్టాటిన్ లాంటి పాలీయీన్ (శిలీంధ్రాలను చంపే రకం).

6. ద్రవంలో పెంచి, పదార్థం తీయడం

మిగిలిన స్ట్రెయిన్లను ఫ్లాస్కుల్లో 28 డిగ్రీల దగ్గర, నిమిషానికి 180 నుంచి 200 చుట్లు తిరిగే షేకర్ మీద పెంచండి. మూడో రోజు నుంచి పదో రోజు దాకా రోజు విడిచి రోజు కొంచెం తీసి, చంపే గుణం ఎప్పుడు ఎక్కువుందో చూడండి. అగార్ మీద చంపినది ద్రవంలో చంపకపోవడం ఇక్కడ రోజూ ఎదురయ్యే తలనొప్పి. అలాగైతే పంతానికి పోకుండా అగార్ ట్రేల మీదే పెంచి, అగార్‌ను ముక్కలు చేసి సాల్వెంట్‌లో నానబెట్టండి. ఒకే స్ట్రెయిన్‌ను నాలుగైదు మీడియంలలో పెంచడం కూడా తప్పనిసరి. చక్కెర మారితే, ఫాస్ఫేట్ తగ్గితే, పక్కన ఇంకో బ్యాక్టీరియా ఉంటే అప్పటిదాకా మూగగా ఉన్నది పలుకుతుంది.

పెరిగిన కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి కణాలను, ద్రవాన్ని వేరు చేయండి. ద్రవాన్ని సమానమైన ఇథైల్ అసిటేట్‌తో రెండుసార్లు కుదిపి, పైపొరను రోటరీ ఎవాపొరేటర్‌లో ఆరబెట్టండి. అందులోకి రానివాటి కోసం ద్రవంలో పదార్థాలను పీల్చుకునే హెచ్‌పీ-20 రెజిన్ వేసి, తర్వాత మెథనాల్‌తో కడగండి. కణాల్ని కూడా మెథనాల్‌లో నానబెట్టి చూడండి, కొన్ని పదార్థాలు అందులోనే ఉండిపోతాయి. బ్యాక్టీరియా వేయని మీడియాన్ని కూడా ఇదే పద్ధతిలో నడిపించి పక్కన పెట్టుకోండి.

7. ఎల్‌సీ-ఎంఎస్, జీనోమ్

ఎక్స్‌ట్రాక్ట్‌ను హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమాన్ని భాగాలుగా విడదీసే యంత్రం) సి-18 కాలమ్ మీద నడిపి, నిమిషానికో అరనిమిషానికో ఒక్కో భాగాన్ని 96 గుంటల ప్లేట్‌లో పట్టి, ఆరబెట్టి, ఏ గుంటలో టెస్ట్ బ్యాక్టీరియా చచ్చిందో చూడండి. ఆ నిమిషంలో అణువుల బరువు తూచే ఎల్‌సీ-ఎంఎస్ చూపించిన బరువులే మీ అనుమానితులు. స్ట్రెప్టోత్రిసిన్-ఎఫ్ అయితే 503.26 దగ్గర కనిపిస్తుంది, ఆక్టినోమైసిన్-డి 1255.6 దగ్గర. బరువు ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దు, ముక్కలైన తీరును జీఎన్‌పీఎస్ వేదికలో మిగతా ప్రపంచం దాచిన స్పెక్ట్రాలతో పోల్చండి. తెలిసిన సహజ అణువుల జాబితా ఎన్‌పీ అట్లాస్‌లో కూడా వెతకండి.

ఇదే సమయంలో జీనోమ్ చదివించి, పదార్థాలు తయారుచేసే జన్యు సమూహాలను వెతికే యాంటీస్మాష్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ బయటికి వచ్చినప్పుడు, తెలిసిన కొన్ని పదార్థాలే తయారుచేస్తుందనుకున్న ఆ బ్యాక్టీరియాలో ఇరవైకి పైగా జన్యు సమూహాలు కనిపించాయి. మీ స్ట్రెయిన్‌లోనూ ముప్పై దాకా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, సంబరపడనూ వద్దు. యాంటీస్మాష్ చూపించే పోలిక శాతం జన్యువుల పోలిక, అణువుల పోలిక కాదు. 'పోలిక 8 శాతం' అని చూపిస్తే అది కొత్తదని కాదు, దానికి తెలియదని. అసలు పరీక్ష ఏమిటంటే, అనుమానమున్న జన్యువును చెడగొడితే చంపే గుణం పోవాలి, ఎల్‌సీ-ఎంఎస్‌లో ఆ శిఖరం కూడా పోవాలి. రెండూ కలిసి పోతేనే ఆ జన్యువుకూ ఆ అణువుకూ ముడి పడినట్టు.

8. నిర్మాణం తేల్చడం

ఇక్కడి నుంచి రసాయన శాస్త్రం వచ్చినవాళ్ల చేతిలో పని. మీరు చేయాల్సింది తగినంత పదార్థం ఇవ్వడం. ఎన్‌ఎంఆర్‌కు కొన్ని మిల్లీగ్రాములు కావాలి, దానికి ఒక్కోసారి పది ఇరవై లీటర్ల కల్చర్ పడుతుంది. పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) అయితే ఏ అమైనో ఆమ్లం ఎల్ రూపంలో ఉందో, ఏది దాని అద్దపు ప్రతిబింబం లాంటి డి రూపంలో ఉందో మార్ఫే పద్ధతితో తేల్చాల్సిందే. టీక్సోబాక్టిన్‌లో డి రూపాలు నాలుగున్నాయి. ఎన్‌ఎంఆర్ ఒక్కటే చూసి వాటిని గుర్తుపట్టడం కష్టం.

9. బలం, విషం, లక్ష్యం

శుద్ధమైన పదార్థానికి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత) కొలవండి. ముల్లర్-హింటన్ ద్రవంలో రెట్టింపు రెట్టింపుగా పలచన చేసి, మిల్లీలీటరుకు ఐదు లక్షల కణాలు వేసి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచి, ఏ గుంట తేటగా ఉందో చూడటమే. మీడియంలో ఏముందో మర్చిపోవద్దు. డాప్టోమైసిన్ పనిచేయాలంటే లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలి, లేకపోతే ఏమీ చేతకాని పదార్థంలా కనిపిస్తుంది. మీ అణువు బలహీనంగా తేలితే కాల్షియం, మెగ్నీషియం, సీరమ్ మార్చి ఇంకోసారి చూడండి.

అదే రోజుల్లో ఎర్ర రక్తకణాల మీద, మనిషి కణాల కల్చర్ మీద కూడా పరీక్షించండి. బ్యాక్టీరియాను చంపే గాఢతలోనే మన కణాలనూ చంపేది యాంటీబయాటిక్ కాదు, ఉత్త విషం. పొరలను చీల్చే అణువులు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి, అది మంచిదే.

లక్ష్యం తెలుసుకోవడానికి ఎంఐసీకి నాలుగు రెట్లున్న ప్లేట్ మీద వందకోట్ల కణాలు వేసి, లేచినవాటి జీనోమ్ చదివించండి. మొదటి పరీక్షలో వలయం లోపల లేచిన చుక్కలను దాచారుగా, వాటినీ ఇప్పుడు చదివించండి. మార్పులన్నీ ఒకే జన్యువులో వస్తే దారి దొరికినట్టే. ఒక్క కాలనీ కూడా లేవకపోతే అణువు ప్రోటీన్‌ను కాకుండా ఇంకేదో పట్టుకుంటోందని అనుమానించండి. టీక్సోబాక్టిన్‌కు స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో అలాగే ఏమీ లేవలేదు. అది కణ గోడకు ముడిసరుకైన లిపిడ్-2ను పట్టుకుంటుంది. అది జన్యువు నుంచి నేరుగా తయారయ్యే ప్రోటీన్ కాదు కాబట్టి ఒక్క మార్పుతో తప్పించుకోవడం బ్యాక్టీరియాకు కష్టం.

పేపర్ పంపేముందు స్ట్రెయిన్‌ను రెండు వేరువేరు కల్చర్ కలెక్షన్లలో జమచేయండి. స్పెక్ట్రాలను జీఎన్‌పీఎస్‌లో, జన్యు సమూహాన్ని మిబిగ్ డేటాబేస్‌లో పెట్టండి. పాతవని తేలినవాటి స్పెక్ట్రాలు కూడా పెట్టండి. వాటిని ఎవరూ ప్రచురించరు కాబట్టే, ఇంకో ల్యాబ్‌లో ఇంకో విద్యార్థి అదే ఆక్టినోమైసిన్‌ను నెలల తరబడి మళ్లీ శుద్ధి చేస్తుంటారు.